గుడి పిడికెడు

“గుడికేగా” అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో అంత కోపం పనికిరాదని డాక్టరు గారు అంటారు, మా ఇంట్లో వాళ్ళూ అంటారు. ఏం చెయ్యను? చాప చిరిగితే గుడికేగా, పంపించెయ్. బంతిపూలు వాడిపోతే గుడికేగా, ఇచ్చెయ్. పండక్కి ఇంట్లో కొత్త కొవ్వొత్తులు వెలిగించుకుని, సగం కరిగిన ముక్కలు తెచ్చి మరియమాత స్వరూపం ముందు పెట్టే మనుషుల్ని నేను కళ్ళారా చూశాను. ఆ మాట మొదటిసారి విన్నది మా అత్తారి వంటింట్లో, పెళ్ళయిన కొత్తల్లో. ఈ కోపం అప్పుడు పుట్టిందే. నాతోపాటు ముసలిదయింది గానీ చల్లారలేదు.

మా పుట్టిల్లు దివిసీమలో, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న ఊరు. మాకు సొంత పొలం లేదు, కౌలు చేసుకునేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ పూట పూటకీ బియ్యం కొలిచి చేటలో పోసి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసేది. సిలువ గుర్తు వేసుకుని ఆ పిడికెడూ గూట్లో ఉన్న డబ్బాలో వేసేది. దాన్ని గుడి డబ్బా అనేవాళ్ళం. ఆదివారం పూజలో కానుకల వేళ ఆడవాళ్ళందరం డబ్బాలు పట్టుకెళ్ళి పీఠం ముందున్న గంపలో పోసేవాళ్ళం. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఇది మామూలు అలవాటే, పిడికెడు బియ్యం అంటారు.

అయితే మా అమ్మ దానికి ఒక షరతు పెట్టుకుంది. తీసినదానికి బదులు మళ్ళీ పొయ్యకూడదు. ఆ పూట ఇంట్లో అన్నం పిడికెడు తగ్గాలి. సన్నబియ్యమా, కోటా బియ్యమా, నూకలా అన్నది కాదు ఆవిడకి ముఖ్యం. మనం ఏది తినబోతున్నామో దాంట్లోంచే తియ్యాలి. జావ కాచుకున్న రోజుల్లో కూడా తీసేది. ఆకలేసి నేను ఏడిస్తే తన గిన్నెలోది నాకు పెట్టేది తప్ప ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. చిన్నప్పుడు నాకు ఆ డబ్బా మీద ఎంత కక్షో చెప్పలేను.

నన్ను గుడివాడ దాటాక నందివాడ వైపు ఒక ఊరికి ఇచ్చారు. అత్తారిది కలిగిన ఇల్లు. మాగాణి ఉంది, గాదెలున్నాయి. కొల్లేరు వైపు ఊళ్ళు కదా, పెరట్లో బాతులున్నాయి. ఇంట్లో వండుకునేది పాత మసూరి బియ్యం. ఆ అన్నం విస్తట్లో పడితే మెతుకు మెతుకూ విడివిడిగా నిలిచేది, పుట్టింట్లో అలాంటి అన్నం నేను పండక్కి కూడా ఎరగను. వంటింటి గుమ్మం బయట ఇంకో గోలెం ఉండేది. చెరగ్గా పడిన నూకలు, ముక్కిపోయిన బియ్యం, పురుగు పట్టినవి అన్నీ అందులో పోసేవాళ్ళు. అది బాతుల గోలెం.

వంట నాకు అప్పగించిన మొదటిరోజు, నేను అమ్మ చేసినట్టే సోలతో మసూరి బియ్యం కొలిచి, పిడికెడు తీసి డబ్బా కోసం చూస్తున్నాను. మా అత్తగారు గబుక్కున వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

“అదేంటమ్మాయ్, కొలిచినదాంట్లోంచి తీస్తున్నావ్?”

“గుడి పిడికెడండీ అత్తయ్య గారూ.”

“తెలుసులే. మేమూ పోస్తాం, మేమేం అన్యులం కాదు. దానికి ఆ గోలెంలోంచి తియ్యి. మంచి బియ్యం ఎందుకు, గుడికేగా!”

కోప్పడి అన్న మాట కాదు, ఇంటి పద్ధతి నేర్పుతున్నట్టు అన్నారు. నా చేతిలో బియ్యం మళ్ళీ చేటలో పోయించి, తనే వెళ్ళి గోలెంలోంచి గుప్పెడు తీసి డబ్బాలో వేశారు. ఆ గుప్పెట్లో ఒక పెంకుపురుగు పాకుతోంది. దాన్ని కూడా దులపలేదు.

తర్వాత తెలిసింది, ఊరంతా అంతే. మాది చిన్న ఊరు, పేటంతా మా మతం వాళ్ళే, ఇంటింటికీ ఒక గుడి డబ్బా, ఇంటింటికీ ఒక బాతుల గోలెం. ఆదివారం గుడివాడ నుంచి ఫాదర్ గారు మోటారు సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్ళిపోయేవారు. ఆయన వెళ్ళాక గంపలో పడిన బియ్యం గుడి ముందు వేలం వేసేవాళ్ళు. ఎప్పుడూ పాడేది ఒకే మనిషి, కొల్లేట్లో బాతుల మందలు మేపుకునే ఆయన. మనిషి తినే బియ్యమైతే ఇంకెవరైనా పాడేవాళ్ళు కదా. బాతుల గోలెంలోంచి బయల్దేరిన బియ్యం, కాసేపు దేవుడి ముందు కూర్చుని, మళ్ళీ బాతుల దగ్గరికే పోయేది. దీన్నే ఈ ఊళ్ళో కానుక అనేవాళ్ళు. ఇందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు. వచ్చిన డబ్బుతో గుడికి సున్నం వేయిస్తున్నాంగా అనేవాళ్ళు.

వేలం వేసేది మా మావగారే. ఆయన సంఘ పెద్ద. ఆయన చెడ్డమనిషి కాదు, ఈ మాట ముందే రాయకపోతే మా ఆడపడుచుల పిల్లలు నా మీదికొస్తారు. తాగేవారు కాదు, ఒకరి గట్టు జరిపిన మనిషి కాదు. కానీ దేవుడి దగ్గర మాత్రం పచ్చి బేరగాడు. తిరుసభ, అంటే మా చర్చి, పెట్టిన కట్టడలు ఆయనకి కంఠతా వచ్చు. ఆదివారం పూజ చూడాలి, ఏడాదికోసారి ఫాదర్ గారికి పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చెయ్యాలి, పాస్కాకి, అంటే ఈస్టరు పండక్కి, సత్ప్రసాదం పుచ్చుకోవాలి. ఇవి చేసేస్తే ఇక దేవుడు తన గుమ్మంలోకి రాకూడదని ఆయన ఉద్దేశం. ఆ పండగ ముందు పాపసంకీర్తనం చేసి వచ్చి, “ఈ ఏటికి అయిపోయింది” అని కండువా దులుపుకునేవారు. శిస్తు కట్టి వచ్చిన మనిషి అలాగే అంటాడు.

పూజ కూడా అంతే. ఫాదర్ గారి మోటారు సైకిలు చప్పుడు వినగానే గుడి దగ్గరికి వెళ్ళేవారు గానీ లోపలికి పోరు. సువిశేషం చదవడం అయ్యి, ప్రసంగం అయ్యేదాకా తోటి పెద్దమనుషులతో బయట అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చునేవారు. కానుకలు ఎత్తేలోపు లోపల కాలు పెడితే పూజ చెల్లుతుందని పాతకాలం ఫాదర్ ఎవరో చెప్పారట. సరిగ్గా ఆ వేళకి చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని లోపలికి వచ్చేవారు. సత్ప్రసాదం పంచడం అవగానే మళ్ళీ బయటికి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “ప్రసంగం కూడా వినొచ్చు కదండీ మావయ్య గారూ?”

“విన్నా వినకపోయినా పూజ చెల్లుద్దమ్మాయ్” అన్నారు నవ్వుతూ.

చెల్లుద్దిట! బస్సు టిక్కెట్టా చెల్లడానికి? కన్నకూతురు వచ్చి, నాన్నా, నీతో ఏడాదికోసారి మాట్లాడితే చెల్లుద్దా అని అడిగితే ఈయన ఏమంటారు? ఆ మాట నోటిదాకా వచ్చింది, కొత్త కోడల్ని కనక మింగాను. మా ఆయన గుడివాడలో రైసు మిల్లులో పనిచేసేవారు. ఆయనకి చెబితే, “పెద్దాళ్ళతో నీకెందుకు, నీ జపమాల నువ్వు చెప్పుకో” అన్నారు. ఆ మాటకి ఇంకా మండింది.

నేను మసూరి బియ్యంలోంచి పిడికెడు తీస్తూనే ఉన్నాను, అత్తగారు లాక్కుని చేటలో పోస్తూనే ఉన్నారు. అలా ఏడాది గడిచింది. ఆవిడతో నాకు ఇంకే గొడవా లేదు, చీరల దగ్గరా నగల దగ్గరా ఏనాడూ మాట రాలేదు. ఆ ఒక్క పిడికెడు దగ్గరే.

ఆ నవంబరులో ఉప్పెన వచ్చింది.

మా అత్తారి వైపు గాలికి చేలు పడిపోయాయి, పెంకులు లేచిపోయాయి, పనలు నీళ్ళలో నాని మొలకలొచ్చాయి. నష్టం నష్టమే, కాదనను. కానీ గాదెల్లో పాత ధాన్యం ఉంది, ఇళ్ళలో పాత బియ్యం ఉంది, మనుషులున్నారు. దివిలో సముద్రమే ఊళ్ళ మీదికి వచ్చింది. మా పుట్టింటి ఊళ్ళో బడి డాబా ఎక్కినవాళ్ళు మిగిలారు. మా అమ్మ వాళ్ళలో ఉందని కబురు తెలిసేదాకా నేను తిన్నదీ పడుకున్నదీ లేదు. మా పెదనాన్న ఇంట్లో ఎవరూ మిగల్లేదు. దాని గురించి నేనిక్కడ రాయను, రాయలేను.

కొన్నాళ్ళకి, దారులు తెరుచుకున్నాక, ఫాదర్ గారు ఆదివారం పూజలో ఒక మాట చెప్పారు. ఆ రోజు మావగారు కానుకల వేళకి అప్పుడే లోపలికి వచ్చి నిలబడ్డారు.

“మన పిడికెడు బియ్యం ఈసారి వేలం వెయ్యొద్దు. వేలం పాడే ఆయన ఊళ్ళో లేక నెలల తరబడి బస్తాలు అలాగే ఉన్నాయన్నారుగా. దేవుడే దాచి ఉంచాడనుకుందాం. అవన్నీ ట్రాక్టరు మీద దివికి పంపండి. ఇంటింటా పూట పూటకీ మీరు తీసిన పిడికెడు అక్కడ ఆకలి తీరుస్తుంది” అన్నారు.

ఆయనకి తెలియదు. ఆయన ఎప్పుడూ ఆ గంపలో చెయ్యి పెట్టి చూడలేదు. గుళ్ళో ఉన్న తక్కిన అందరికీ తెలుసు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని అటూ ఇటూ చూశాను, ఎవరైనా లేచి, ఫాదర్ గారూ, ఆ బియ్యం పంపొద్దండీ అంటారేమోనని. ఒక్కరూ తల ఎత్తలేదు. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చాక నేను వంటింట్లోకి పోకుండా మావగారి ఎదురుగా నిలబడ్డాను. అలా నిలబడటం అదే మొదలు.

“మావయ్య గారూ, అవి మనుషులు తినే బియ్యం కాదండీ. మీరు గుడివాడ వెళ్ళి ఫాదర్ గారితో చెప్పండి.”

“ఏమని చెప్పమంటావమ్మా? ఇన్నాళ్ళూ దేవుడికి బాతుల మేత పోశామని చెప్పనా?”

ఆ మాట ఆయన నోటి వెంటే వచ్చింది, నేను అనలేదు. అని, తనే ఉలిక్కిపడ్డారు. వెంటనే గొంతు పెంచారు. “ఊరి పరువు పోద్ది. అయినా వాళ్ళకి అక్కడ ఏదీ లేదు. ఆకలి మీదున్నోళ్ళు సన్నబియ్యమే కావాలంటారా?”

“పోనీ మన గాదెలోంచి ఒక బస్తా మసూరి వేయండి.”

“నష్టపోయిన ఏడమ్మాయ్ ఇది” అన్నారు అత్తగారు లోపల్నుంచి. “ఫాదర్ గారు గుడి బియ్యం పంపమన్నారు, పంపుతున్నాం. ఇంట్లోవి కూడా ఇవ్వమన్నారా?”

చూశారా, అక్కడా కట్టడే. అడిగింది ఇచ్చేస్తే చెల్లిపోద్ది. తినబోయేది నా తల్లి అని కూడా వాళ్ళకి తట్టలేదు. తట్టినా మాట్లాడలేదేమో, నాకు ఈనాటికీ తెలియదు. ట్రాక్టరు మీద నేనూ వస్తానన్నాను. అమ్మని చూడొద్దని ఎవరూ అనలేరు కనక ఒప్పుకున్నారు.

పామర్రు మీదుగా చల్లపల్లి, అక్కణ్ణుంచి అవనిగడ్డ వైపు వెళ్ళాం. బస్తాల మీద కూర్చున్నాను. ట్రాక్టరు ఎగిరినప్పుడల్లా కింద బస్తాల్లోంచి ముక్కిన వాసన. మావగారు తెల్లపంచె, కండువాతో ముందు డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నారు. దారిలో ఎవరైనా అడిగితే, “మా గుడి తరఫున బియ్యం పట్టుకెళ్తున్నామండీ” అని చెబుతున్నారు. పులిగడ్డ దాటాక కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ ఉన్నది ఒక బడిలో. తలకి గుడ్డ కట్టుకుని, ఎవరో ఇచ్చిన పొట్టి చీర కట్టుకుని, ఆడవాళ్ళతో కలిసి రాళ్ళ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచి వచ్చి గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు. “తిన్నావా?” అని అడిగింది. అన్నీ పోగొట్టుకున్న మనిషి నన్ను అడిగిన మొదటి మాట అది.

బస్తాలు దించారు. ఒక బస్తా అక్కడే విప్పారు, ఆ పూట వంటకి. ఎండలో ఆ బియ్యం చేటలో పోస్తే నల్లగా, పచ్చగా, నూకలూ మట్టిగింజలూ పురుగులూ. ఊరంతటి గోలేలూ ఒకచోట చేరాయి. పాత బియ్యానికి ఎసరు వేరు, కొత్త బియ్యానికి వేరు, కోటా బియ్యానికి ఇంకోటి. అన్నీ కలిపి ఉడకేస్తే కొన్ని చిమిడిపోతాయి, కొన్ని పలుకులు మిగులుతాయి. వంట తెలిసిన ఏ ఆడదీ అలా కలపదు. మేం దేవుడి పేరు చెప్పి కలిపాం.

పొయ్యి దగ్గరున్న ఒకావిడ గుప్పెట్లోకి తీసుకుని చూసి, నా వైపు తిరిగింది. నేను ఎదురుచూశాను, తిడుతుందని. తిడితే బాగుండును.

“ఏ ఊరు తల్లీ మీది?”

చెప్పాను.

“పాపం, మీ వైపు కూడా అంతా పోయిందా? మీకే లేకపోయినా ఉన్నదాంట్లో పట్టుకొచ్చారు” అంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. మా కోసం!

నేను మావగారి వైపు చూశాను. ఇప్పుడైనా తల దించుకుంటారేమోనని. ఆయన కండువా సర్దుకుని, “అవునమ్మా, గాలికి మాకూ పంటలన్నీ పడిపోయినాయి. ఏదో మాకు చేతనైంది” అన్నారు. ఆవిడ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన ఆ దణ్ణం తీసుకున్నారు. నేను మర్చిపోను. ఎన్నో మర్చిపోయాను గానీ ఆయన ఆ దణ్ణం తీసుకోవడం మాత్రం మర్చిపోను.

తన కూతురి అత్తారి ఊరు ఎలాంటిదో, అక్కడ ఏం పండుతుందో అమ్మకి తెలుసు. పెళ్ళికి వచ్చినప్పుడు ఆ మసూరి అన్నం తిన్నది. చేట తీసుకుని కూర్చుని చెరిగింది. ఎంత చెరిగినా ఏం తేలుతుంది? చెరిగి, ఏరి, డొక్కు గిన్నెతో ఆ పూటకి కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసింది. సిలువ గుర్తు వేసుకుంది. డబ్బా లేదు కదా, చీర చెంగు చింపి అందులో మూటకట్టింది.

నాకు కోపం ఆగలేదు. ఊరి మీద కోపం, మావగారి మీద కోపం, అన్నీ కలిసి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. “నీకేమన్నా పిచ్చా అమ్మా? ఈ బియ్యంలోనా? ఇందులో కూడానా దేవుడికి తీస్తావ్? వాళ్ళు తినడానికి పనికిరావని పారేసినవే ఇవి!”

“ఈ పూట మేం తినేది ఇవే కదే” అంది అమ్మ.

అంతే అంది. వచ్చేటప్పుడు ఆ మూట నా చేతిలో పెట్టింది. “ఇక్కడ గుడి లేదుగా. ఆదివారం మీ గుళ్ళో పొయ్యి. జాగ్రత్త, దార్లో పారబొయ్యకు.”

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం కానుకల వేళ ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని లేచారు. అత్తగారి డబ్బాలో యథాప్రకారం గోలెం బియ్యమే. నాకు ఆ గంపలో మూట విప్పడానికి చేతులు రాలేదు. గంప దాటి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. పూజ మధ్యలో ఆడమనిషి పీఠం దాకా రావడమేమిటని గుళ్ళో గుసగుసలు మొదలయ్యాయి.

“ఫాదర్ గారూ, ఇది దివి నుంచి తెచ్చానండీ. మనం పంపిన బియ్యంలోంచి మా అమ్మ తీసిన పిడికెడు” అని మూట విప్పి పీఠం మీదున్న ఖాళీ పళ్ళెంలో పోశాను.

ఆయన వంగి చూశారు. వేలితో కదిపారు. “ఇవేనా మనం పంపినవి?” అని నెమ్మదిగా అడిగారు. నేను అవునన్నాను. ఆయన వచ్చి గంపలో చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీసి, వెలుతురులో పెట్టి చూశారు. మావగారు అప్పుడే చుట్ట చెవి మీద పెట్టుకుని లోపలికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయారు.

ఫాదర్ గారు అరుస్తారనుకున్నాను. ఎంత ఆశపడ్డానో! ఆయన అరవలేదు. అమ్మ పిడికెడు పళ్ళెంలో అలాగే పీఠం మీద, ద్రాక్షరసం గిన్నె పక్కన పెట్టుకుని పూజ పూర్తి చేశారు. చివర్లో ఒకే మాట అన్నారు. “క్రిస్మస్ నాడు అందరం కలిసి భోంచేస్తాం కదా, ఈ ఏడు ఆ విందుకి పిడికెడు బియ్యమే వండండి. మీరు గంపలో ఏం పోస్తే అదే. నేనూ ఇక్కడే తింటాను.”

ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో మా ఊరిని ఎరిగిన వాళ్ళెవరైనా చెప్పగలరు. పండగ వచ్చేసరికి గంప చాల్లేదు, ఇంకో గంప తెచ్చారు. తెల్లటి మసూరి, ఏరిన బియ్యం, కొందరైతే అక్కుళ్ళ సన్నబియ్యం. మా అత్తగారు డబ్బా కాదు, బిందెతో పట్టుకొచ్చారు. తమ కడుపుల్లోకి పోతుందని తెలిసేసరికి చేతులు ఎంత బాగా లేచాయో! ఫాదర్ గారు అవి చూసి పొంగిపోయారు. “చూశావా అమ్మా, మనసులు మారాయి” అన్నారు నాతో. ఆ మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది. మనసులు ఎక్కడ మారాయండీ, విస్తళ్ళు మారాయి అందామనుకున్నాను. పండగ పూట ఆయన మొహం చూసి అనలేకపోయాను.

విందు బియ్యం ఎసట్లో పోసేటప్పుడు ఫాదర్ గారే అమ్మ పిడికెడు తెచ్చి గుండిగలో వేసి కలిపారు. అందరికీ ఒక్కో మెతుకన్నా రావాలన్నారు. పంక్తిలో కూర్చున్నాం. నేను వడ్డిస్తూ మావగారి విస్తరి దగ్గరికి వచ్చేసరికి, ఆయన అన్నంలోంచి ఒక నల్లటి నూక వేళ్ళతో ఏరి విస్తరి అంచున పెడుతున్నారు.

“ఏంటండీ అది?”

“రాయేమోనమ్మా” అన్నారు.

రాయి కాదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. గుళ్ళో అంతమంది మధ్య నేను ఆయన విస్తట్లో పప్పు వేసి ముందుకి జరిగాను.

మర్నాడు వంటింట్లో బియ్యం కొలిచి, చేటలోంచి పిడికెడు తీశాను. అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. “మళ్ళీ మొదలెట్టావా? అన్నం చాలదు. చివర తినేదానివి నువ్వే, తగ్గేది నీకే” అన్నారు. నేను డబ్బాలో వేసి మూత పెట్టాను. ఈసారి ఆవిడ లాక్కోలేదు, నా మొహం ఎలా ఉందో మరి.

మధ్యాహ్నం మావగారికి వడ్డించాను. పప్పు అయింది, కూర అయింది, పులుసు అయింది. పెరుగులోకి అన్నం కోసం చెయ్యి చూపించారు.

“అయిపోయిందండీ మావయ్య గారూ.”

“గిన్నెలో ఉందిగా.”

“అది అత్తయ్య గారిదీ నాదీ అండీ. ఇవాళ మీ వాటాలోంచి పిడికెడు తీశాను.”

“నా వాటాలోంచా? దేనికి?”

“గుడికేగా మావయ్య గారూ” అన్నాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను, వచ్చింది కూడా, మెడ దగ్గర నరం కదిలింది. పెరుగు గిన్నె పక్కకి జరిపి, కంచంలో చెయ్యి కడుక్కుని లేచారు. ఆ ఇంట్లో అన్నం పిడికెడు తగ్గడం అదే మొదటిసారి.

ఆ మర్నాడు నేను సోల పట్టుకునే సరికి అత్తగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. సోల లాక్కుంటారని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ చేటలో బియ్యం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“ఇవాళ ఎవరి వాటా?”

“మీదండీ” అని పిడికెడు తీశాను.